కార్నింగు పట్టణపు అంగడివీధి

రొట్టెలు కాల్చెడి పొయ్యిలో నుంచినను పగులని గాజుపాత్రలను మీలో పెక్కురు చూచియే యుందురు. పైరెక్సు అని వానికి పేరు. అవి యొక గృహిణి వంటయింటినుండి వెలువడినవని యెందరెరుగుదురు? అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రమున, కార్నింగు అను చిన్న పట్టణము గలదు. అచ్చటి గాజు కర్మాగారమున పనిచేయు శాస్త్రజ్ఞుని భార్య బెస్సీ లిటిల్టన్ వంటపాత్ర పగిలిపోగా, ఆమె భర్తను గాజుపాత్ర తెచ్చి యిమ్మని యడిగెను. ఆయన బ్యాటరీ జాడీల అడుగుభాగములను కోయించి తెచ్చెను. 1913లో ఆమె వానియందు కేకు కాల్చి చూపెను. 1915లో ఆ సరకు అంగళ్లకు వచ్చినది. పేరు మాత్రము కర్మాగారమునకే దక్కినది!

అయితే నేడు నేను చెప్పదలచినది పాత్ర కథ గాదు. ఆ యూరి అంగడివీధి కథ.

2020 జనాభా లెక్కలలో ఆ పట్టణమున నుండినవారు సుమారు 10,500 మంది మాత్రమే. షెమంగ్ నది యొడ్డున నున్న ఆ యూరికి 1868లో బ్రూక్లిను నుండి గాజు కర్మాగారము తరలివచ్చెను. దాని ననుసరించి గాజు చెక్కువారు, వారిని నమ్ముకొని వర్తకులు వచ్చిరి. మార్కెట్ వీధి యట్లు పెరిగినది. ఇటుక మేడలు, క్రింద దుకాణములు, నడుమ 1883లో కట్టిన గడియారపు గోపురము. హాక్స్ సంస్థవారి చెక్కడపు గాజు 1880 మొదలు 1962 వరకు ఆ యూరికి పేరు తెచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో మోటారుకార్లు పెరిగినవి. కార్లు నిలుపుటకు విశాలమైన చోటు గల పెద్ద దుకాణములు ఊరి వెలుపల వెలసినవి. నడిబజారు వర్తకులకు భయము పుట్టినది. క్రొత్తదనమే కొనువారిని రప్పించునని తలచి, పలు ఊళ్లలో వలెనే ఇచ్చటను పాత ఇటుక గోడలపై లోహపు రేకులు కప్పిరి. అమ్మమ్మ పట్టుచీర సింగారమును నూలు దుప్పటితో కప్పినట్లుండెనని నాకు తోచును.

1972 జూన్ 23వ తేదీ తెల్లవారుజామున, ఆగ్నెస్ తుపాను వానలకు నది పొంగి వీధిని ముంచెత్తెను. నీరు తీసిన పిమ్మట మిగిలినది బురద. దుకాణములోని సరకును దానిలో చూచుకొన్న వర్తకుని యింటివారి దుఃఖము మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పాత మేడలను పడగొట్టి క్రొత్తవి కట్టుట ఆనాడు అమెరికా పట్టణములలో పరిపాటి. కార్నింగువారు మాత్రము ఆ వీధిని నిలుపుకొనిరి. 1974లో గాజు కంపెనీ సహాయముతో మార్కెట్ వీధి పునరుద్ధరణ సంస్థ ఏర్పడినది. నార్మన్ మింట్జ్ అను నాయన ప్రతి దుకాణమునకును పోయి, రేకు తీసినచో నేమి బయటపడును, పేరుపలక యెట్లుండవలెను, రంగేది తగును అని వర్తకులకు సలహా చెప్పుచుండెను. ఒక్కసారి వీధి నంతయు మార్చుట గాదు. ఒక్కొక్క యంగడిగా, ఓర్పుతో జరిగిన పని. 1977లో మూడు చిన్న పట్టణములలో ఇట్టి ప్రయత్నమునకే జాతీయ సంరక్షణ సంఘము పూనుకొన్నప్పుడు, కార్నింగు అనుభవము వారి కక్కరకు వచ్చెను.

దీనిని మిక్కిలి పొగడుటకు నాకు సంకోచము గలదు. ఇట్టి ధనిక కంపెనీ యన్ని యూళ్లకు దొరకదు. మరియు చూడవచ్చువారిని నమ్ముకొన్న వీధి, ఆ యూర కాపురముండు గృహిణికి కావలసిన దారమును, చెప్పులను అమ్ముటకూడ మరువరాదు.

అట్లు మరువని వర్తకుని ఒకనిగూర్చి చెప్పెదను. రాక్‌వెల్ అను నాయన ఆ వీధిలో పెద్ద దుకాణము నడపుచుండెను. బట్టల నడుమ, గోడలమీద, అమెరికా పడమటి ప్రాంతపు చిత్రపటములను తగిలించి యుంచెను. గాజు కళాకారుడు ఫ్రెడరిక్ కార్డర్ చేసిన పాత్రలను గూడ ఆయన కూర్చెను. అంగడికి సరకు కొనవచ్చిన తల్లులు, పిల్లలు టిక్కెట్టు లేకుండ వానిని చూచిరి. 1976లో ఆ సేకరణమునకు మ్యూజియము ఏర్పడినది. 1982లో అది ఆ వీధి చెంతనే, 1893 నాటి పాత నగరమందిరములోనికి మారినది. నేడును అచ్చటనే యున్నది.