తోటరాముడి బాకీ

పూర్ణా మార్కెట్టుకు వెళ్ళి కూరలు మాత్రమే కొనుక్కుని తిరిగివచ్చిన విశాఖపట్నం మనిషి నాకింతవరకూ తారసపడలేదు. బేరం మధ్యలో ఎవరో ఒకరు ఓ కథ కూడా సంచీలో వేసి పంపుతారు. మొన్న అరటిపళ్ళ కొట్టు తాత నాకు వేసిన కథ ఇది.

అరడజను చక్కెరకేళి ధర అడిగి, కాస్త తగ్గించమన్నాను.

"అడిగిందల్లా ఇచ్చీడానికి నా దగ్గర పాతాళభైరవి బొమ్మ గాని ఉందేటి బాబూ?" అన్నాడు తాత.

"ఆ సినిమా అంటే మీకిష్టమా?" అన్నాను. అంతే! స్టూలు ముందుకు జరిగింది.

‘పాతాళభైరవి’ 1951లో విజయావారు తీసిన చిత్రం. కథ పింగళి నాగేంద్రరావుగారిది, దర్శకత్వం కె. వి. రెడ్డిగారిది. నేపాళ మాంత్రికుడైన ఎస్. వి. రంగారావుగారు కళ్ళు తిప్పుతూ ‘డింభకా’ అంటే పిల్లలు అమ్మల కొంగుల్లో దూరేవారు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి కూడా ఆ చిత్రం వెళ్ళింది.

తాత దాన్ని చూసింది విడుదలైన పన్నెండేళ్ళకు, ఊళ్ళోకి మళ్ళీ వచ్చినప్పుడు. అప్పటికాయనకు పధ్నాలుగేళ్ళు. తండ్రి లేడు. తల్లి ఈ మార్కెట్టులోనే గంపలో ఆకుకూరలు అమ్మేది. అసలీ మార్కెట్టుకు ఆ పేరు పూర్ణా సినిమాహాలును బట్టే వచ్చిందంటారు. అలాంటిచోట పెరిగిన పిల్లవాడికి సినిమాపిచ్చి పట్టకపోతేనే వింత!

"రామారావుగారు అందులో తోటమాలి కొడుకు బాబూ. మాదీ ఆకుకూరల బతుకే. తోటమాలి కొడుకు రాజకుమారిని ప్రేమించగా లేంది, నేను నేల టిక్కెట్టు కొనకూడదేటి అనుకున్నాను."

మొదటి మూడుసార్లూ మూటలు మోసిన డబ్బుతో చూశాడు. నాలుగోసారి చేతిలో పైసా లేదు. మర్నాటి సరుకుకని తల్లి చీరకొంగున ముడివేసుకున్న డబ్బు, ఆమె నిద్రపోతుండగా విప్పుకుపోయాడు. తెల్లవారింది. ఆవేళ గంప లేవలేదు. పొయ్యీ వెలగలేదు.

కొడుతుందనుకున్నాడు. కొట్టలేదు. రాత్రి మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని, "అంతేటుందిరా అందులో? చెప్పు" అంది. ఆమె అప్పటికి సినిమాహాలు గడప తొక్కి ఎరుగదు. కుర్రాడు అన్నీ మరచిపోయి మొదటినుంచీ చెప్పాడు. మాంత్రికుణ్ణే బలియిచ్చి తోటరాముడు బొమ్మ సంపాదించడమూ, కోరగానే మేడ రావడమూ, ఆ బొమ్మ మాంత్రికుడి చేతిలో పడగానే మేడా, రాజకుమారీ మాయం కావడమూ.

తల్లి అంతా విని, "కోరితే వచ్చిన మేడ కోరితేనే పోయింది. గంప మోసి సంపాదించింది ఏ మాంత్రికుడు పట్టుకుపోతాడురా, కన్నకొడుకు తప్ప?" అంది.

ఇది చెబుతూ తాత అరటిగెల మీద లేని దుమ్ము దులిపాడు.

పదిహేను రోజులు మూటలు మోసి ఆ డబ్బు తల్లి కొంగునే తిరిగి ముడివేశాడట. ఆమెను సినిమాకు తీసుకువెళదామనుకునేసరికి ఆట మారిపోయింది. మళ్ళీ ఆ చిత్రం వచ్చేదాకా ఏళ్ళు కాచుకుని, ఈసారి కుర్చీ టిక్కెట్లు కొన్నాడు. తోటరాముడి తల్లి వేషం సురభి కమలాబాయిగారిది. తెలుగువారి మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి ఆమే. ఆమె తెరమీద కనిపించగానే, "ఈ పిచ్చితల్లినెన్ని కష్టాలు పెట్టాడో ఆ వెధవ!" అందట తాత తల్లి, హాల్లో నలుగురూ తిరిగి చూసేలా.

ఇప్పుడు తాతకు డెబ్బయ్యయిదు. మనవడు సెల్‌ఫోనులో అదే చిత్రం చూస్తూ, "కంప్యూటరు లేకుండా ఎలా తీశారు తాతా?" అంటాడు. మార్కస్ బార్ట్లే కెమెరా గురించీ, గోఖలే, కళాధర్‌ల సెట్టింగుల గురించీ తాత పూసగుచ్చినట్టు చెబుతాడు. చివర్న కొంగుముడి సంగతీ చెబుతాడట, మనవడి దగ్గర దాచకుండా.

"అదెందుకు చెప్పడం?" అన్నాను.

"అది చెప్పకపోతే బొమ్మ కథే మిగుల్తాది బాబూ. మా అమ్మ కథ పోద్ది."

నేను మరి బేరమాడలేదు. అరడజనుకు వెళ్ళినవాణ్ణి డజను తెచ్చాను. ఇంట్లో ఎందుకిన్ని అని అడిగితే ఈ కథ చెప్పాను. మా ఆవిడ విని, లేచి వెళ్ళి, వాళ్ళమ్మకు ఫోను చేసింది.