ఎబ్లేషన్ చేశాక మళ్ళీ గుండె దడ

ప్రశ్న: మా వారికి 61 ఏళ్ళు. బి.పి., షుగరు వున్నాయి. 'ఏట్రియల్ ఫిబ్రిలేషన్' అనే గుండె దడకు అయిదు నెలల క్రితం తొడ దగ్గర రక్తనాళం గుండా గొట్టం పంపి ఎబ్లేషన్ చేశారు. హాయిగా వున్నారనుకుంటే, పదిహేను రోజులుగా మళ్ళీ దడ వస్తోంది. డబ్బంతా దండగేనా? తగ్గిపోయింది కదా అని రక్తం పలచబరిచే మాత్రలు కూడా రెండు నెలలుగా మానేశారు.
- ఒక సోదరి

జవాబు: దడ కంటే ముందు మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యం నన్ను కంగారు పెట్టింది. ఈ జబ్బులో గుండె పైగదులు, అంటే కర్ణికలు, సరిగా ముడుచుకోక వణుకుతూ వుంటాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఎబ్లేషన్ తర్వాత కనీసం రెండు నెలలు ఈ మాత్రలు అందరూ వాడాలి. ఆపైన వాడాలా వద్దా అన్నది వయసు, బి.పి., షుగరు, పూర్వం పక్షవాతం వచ్చిందా అన్న వాటిని బట్టి వుంటుంది గాని, దడ తగ్గిందా లేదా అన్నదానిని బట్టి కాదు. దడ తెలియకుండానే ఈ జబ్బు వచ్చిపోతూ వుండవచ్చు. మీ వారికి బి.పి., షుగరు రెండూ వున్నాయి. కనుక రేపే డాక్టరుగారిని కలిసి, మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. ఆస్ప్రిన్ దీనికి బదులు కాదు. "బాగానే వుంది కదా అని మేమే మానేశాం" అన్నమాట పక్షవాతం వార్డులో నాకు కొత్త కాదు.

ఇక దడ సంగతి. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు సాధారణంగా నాలుగు సిరలు వస్తాయి. ఈ దడను రేపే విద్యుత్తు చాలామందిలో ఆ సిరల్లోంచే పుడుతోందని 1998లో ఫ్రాన్సులోని బోర్డో నగర వైద్యులు చూపించారు. అందుకే సిరల మూతుల చుట్టూ కాల్చిగాని, గడ్డకట్టించిగాని గట్టులాంటి మచ్చ ఏర్పరుస్తారు. ఆ గట్టులో కొంత కండ చావకుండా వాచి మాత్రమే వుంటే, వాపు తీశాక అది కోలుకుంటుంది. గట్టుకు గండి పడినట్లే. విద్యుత్తు మళ్ళీ దాటుతుంది. ఎక్కువమందిలో దడ తిరగబెట్టడానికి కారణం ఇదే.

మొదటి రెండు నెలల్లో వచ్చే దడ వాపువల్ల కావచ్చు, దానంతటదే పోవచ్చు. అయిదో నెలలో వచ్చినదాన్ని అలా కొట్టిపారేయరాదు. ఒక్కోసారి పాత దడ కాక, మచ్చల చుట్టూ విద్యుత్తు గిరగిరా తిరిగే 'ఫ్లట్టర్' కూడా కావచ్చు. దడ వున్నప్పుడే ఇ.సి.జి. తీయిస్తే ఏదో తేలుతుంది. తగ్గాక పరుగెత్తితే కాగితం మామూలుగానే వుంటుంది.

గట్టు ఎంత బాగున్నా బి.పి. అదుపు తప్పినా, ఒళ్ళు పెరిగినా, మద్యం మానకపోయినా, థైరాయిడ్ ఎక్కువైనా దడ తిరగబెడుతుంది. మీ వారు రాత్రిళ్ళు గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆపుతారా? ఈ ప్రశ్నకు జవాబు ఆయనకు తెలియదు, మీరే చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు చికిత్స లేకుండా రెండోసారి ఎబ్లేషన్‌కు తొందరపడటం నాకు నచ్చదు. రెండోసారి అవసరమయ్యేవారు కొందరుంటారు, అది ఫెయిలవడం కాదు. కాని ముందు ఇ.సి.జి., ఎకో, థైరాయిడ్ పరీక్షలు కానివ్వండి.

ఈలోగా మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, స్పృహ తప్పినా క్షణం ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.