పిలకాయల సినిమా మనకు లేదనకండి

సెలవులు రాగానే తిరుపతిలో అమ్మానాన్నల నోట, టీచర్ల నోట ఒకటే మాట. పిలకాయలకు చూపించదగ్గ సాహస సినిమా తెలుగులో లేదట, ఇంగ్లీషు డబ్బింగులే గతట. ఈ మాట తప్పు. పైగా పిల్లలకు అన్యాయం చేసే మాట.

1951 నాటి ‘పాతాళ భైరవి’ తీసిందెవరు? దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి. నిర్మాత నాగిరెడ్డి కడప జిల్లా బిడ్డ. చక్రపాణితో కలిసి 1947 నుంచే పిల్లల కోసం ‘చందమామ’ నడిపినవాడు. రాయలసీమ నేల నుంచి వెళ్లినవాళ్లు తీసిన సినిమా అది. అందులో తోట రాముడు తోటమాలి కొడుకు. వెనక సైన్యం లేదు, వంశం లేదు. నేపాళ మాంత్రికుడి వెంట వెళ్లి కొలనులో దిగితే మొసలి పట్టుకుంటుంది. పెనుగులాడి దాన్ని చంపగానే శాపం తీరిన దేవకన్య కనిపించి, నిన్ను బలివ్వడానికే తెచ్చాడని హెచ్చరిస్తుంది. అంతా తెలిసీ రాముడు పారిపోడు, మళ్లీ మాంత్రికుడి ముందుకే వెళ్తాడు. పదేళ్ల పిల్ల ఊపిరి బిగబట్టేది అక్కడే. కంప్యూటర్ లేని కాలంలో మార్కస్ బార్ట్‌లీ కెమెరాతోనే ఆ లోకాన్ని నమ్మించాడు.

ఈ మంత్రాలు, శాపాలు మూఢనమ్మకాలని కొందరి అభ్యంతరం. ఇంగ్లీషు బొమ్మలో మంత్రదండాన్ని మెచ్చుకునే ఇంట్లో నేపాళ మాంత్రికుడొక్కడే మూఢనమ్మకం ఎట్లా అవుతాడు?

పాతవి పిల్లలు చూడరంటారా? 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ చూపించండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో రాత్రిపూట వజ్రం దొంగతనాన్ని కళ్లారా చూసేది కిషన్ అనే పిల్లాడే. కాలయంత్రం కథను కృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్తుంది. తిరుమల గుడిలో ఇద్దరు రాణుల నడుమ చేతులు జోడించి నిలబడ్డ రాయల కంచు విగ్రహాన్ని చూసిన మన పిల్లలకు ఆ రాజు తెరమీద మాట్లాడుతుంటే కలిగే పులకింత ఏ డబ్బింగు సినిమా ఇవ్వగలదు? 1972 నాటి ‘పాపం పసివాడు’ కథ బయటిదే, కానీ ఎడారిలో తప్పిపోయిన ఆ పసివాడి కోసం తెలుగు ఇళ్లన్నీ కన్నీళ్లు పెట్టుకున్నాయి.

అసలు లోటు వేరే ఉంది. సీమ అంటే బాంబులు, వేటకొడవళ్లు అని 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పటి నుంచి తెర అదే పాఠం చెప్తోంది. 2021లో ‘పుష్ప’ వచ్చింది. మన చిత్తూరు యాస దేశమంతా వినిపించింది, నాకూ సంతోషమే. కానీ శేషాచలం అడివి మన పిల్లలకు ఎర్రచందనం దొంగల బాటగానే పరిచయమైంది. అదే అడివిలో బంగారు బల్లి ఉంది, దేవాంగ పిల్లి ఉంది. తలకోనలో 270 అడుగుల పైనుంచి నీళ్లు దూకుతాయి. విజయనగర రాజులు రాజధాని చేసుకున్న చంద్రగిరి కోట తిరుపతికి కూతవేటు దూరం. ఇన్ని ఉండి, ఈ జిల్లా పిల్లే నాయికగా ఒక్క సాహస కథ తీయాలని మన నిర్మాతలకు తోచకపోవడం క్షమించరానిది. జలపాతం దగ్గర యుగళగీతం తీసి వెళ్లిపోతే చాలదు.

బడులవాళ్లకు నా విన్నపం ఒకటే. ఈ సెలవుల్లో ‘పాతాళ భైరవి’ వేయండి. పిల్లల్ని చంద్రగిరి తీసుకెళ్లి, ఈ కోటలో జరిగే సాహస కథ ఒకటి రాయమనండి. సినిమాలు తీసేవాళ్లారా, ఆ కథలు అడిగి తీసుకోండి.