కమ్మచ్చు – ఇత్తడి గుల్ల

తుపాకి తూటాలను గురించి తెలుగు పండితుడు టపా వ్రాయడమేమిటని మిత్రులు నవ్వుకొంటే నవ్వుకొందురు గాక. డల్లాసు దగ్గర మా అమ్మాయి ఇంట కొన్ని నెలలు ఉన్నప్పుడు, ప్రతి శనివారం కారు షెడ్డులో మా అల్లుడు చేసే పని చూస్తూ కూర్చొనేవాణ్ణి. చూడగా చూడగా నాకొక అభిప్రాయం ఏర్పడినది. అతడు దానిని సగమే ఒప్పుకొన్నాడు. తక్కిన సగాన్ని మీ ముందు పెడుతున్నాను.

అతడు సరదాకు గురి కొట్టడం నేర్చినవాడు. కాల్చిన తూటాల గుల్లలను ఏరి తెచ్చి, ఇంట్లోనే తిరిగి మందు నింపి వాడుకొంటాడు. సొంత వాడకానికి ఇలా చేసుకొనేవారికి అక్కడి కేంద్ర చట్టం లైసెన్సు అడగదు. అమ్మకానికి చేస్తే అడుగుతుంది. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కనుక ఇది ఆ దేశపు ముచ్చటగానే చదువుకోవలెనని మనవి.

తూటాలో నాలుగు భాగాలున్నవి. ముందుండే గుండు, లోపలి మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు అనే చిన్న బిళ్ళ, వీటిని పట్టి ఉంచే ఇత్తడి గుల్ల. మొదటి మూడూ ఒక్కసారికే ఖర్చయిపోతవి. గుల్ల మిగులుతుంది. డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు తుత్తునాగం కలిసిన ఇత్తడి అది. 9 మి.మీ. పిస్తోలు తూటా పేలినప్పుడు చదరపు అంగుళానికి 35,000 పౌన్ల దాకా ఒత్తిడి ఉండవచ్చునని అక్కడి తయారీదారులు హద్దు పెట్టుకొన్నారు. ఆ దెబ్బకు గుల్ల ఉబ్బి, తుపాకిలో తానున్న గది గోడలకు అంటుకొని, వాయువు వెనుకకు రాకుండా అడ్డుపడుతుంది. మరుక్షణం కొద్దిగా ముడుచుకొంటుంది. అందుకే ఊడి బయటపడుతుంది. కాని పూర్వపు కొలతకు మాత్రం రాదు. అంగుళంలో కొన్ని వెయ్యో వంతులు లావుగా ఉండిపోతుంది.

ఆ లావును అణచి పాత కొలతకు తేవడమే రీసైజింగు. బల్లకు బిగించిన ప్రెస్సులో ఒక అచ్చు ఉంటుంది. దాని నోట టంగ్‌స్టన్ కార్బైడు ఉంగరం. లీవరు లాగితే గుల్ల ఆ ఉంగరంలోనికి దూరి, నలిగి, సన్నబడుతుంది. అదే ఊపులో లోపలి సూది పాత ప్రైమరును క్రిందికి నెట్టివేస్తుంది. మామూలు ఉక్కు అచ్చయితే నూనె పూయాలట. ఈ ఉంగరానికి అది తప్పనిసరి కాదు.

మొదటిసారి చూడగానే నాకు మా ఊరి కంసాలి కమ్మచ్చు గుర్తుకు వచ్చినది. పద్యం సాఫీగా నడిస్తే కమ్మచ్చున తీసినట్లున్నదని క్లాసులో ఎన్నిసార్లు మెచ్చుకొన్నానో! ఉక్కు పలకకు వరుసగా రంధ్రాలు, ఒకదానికంటె ఒకటి చిన్నవి. తీగెను ఒక్కొక్క రంధ్రంలో దూర్చి పట్టకారుతో లాగేవాడు. రెండు మూడు రంధ్రాలు దాటగానే ఆగి, తీగెను కుంపట్లో ఎర్రగా కాల్చి, తరువాత మళ్ళీ లాగేవాడు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "బిగిసిపోయిందండీ అబ్బాయిగారూ, కాల్చకపోతే తెగుతుంది" అన్నాడు.

నా అభిప్రాయమంతా ఈ మాటలోనే ఉన్నది. లోహాన్ని నలిపిన కొద్దీ బిగుస్తుంది, పెళుసెక్కుతుంది. పేలినప్పుడు ఉబ్బడం, అచ్చులో అణగడం, గుండు దూర్చడానికి అంచు కొంచెం విప్పడం, మళ్ళీ నొక్కడం – ఒక్కొక్క చుట్టుకు ఇన్ని నలుగుళ్ళు. కంసాలికి కుంపటి ఉన్నది. పిస్తోలు గుల్లకు లేదు. రైఫిలు గుల్లలు పొడుగైనవి గనుక మెడ వరకు కాల్చి మెత్తబరుస్తారు. 9 మి.మీ. గుల్ల పొడవు 19.15 మి.మీ. మాత్రమే. పైన కాల్చితే వేడి అడుగుకు దిగుతుంది. ఒత్తిడిని కాచుకోవలసిన అడుగు మెత్తబడితే ప్రమాదం. కాబట్టి సాధారణంగా ఆ పని పెట్టుకోరు. అనగా ఈ గుల్లకు కొలత తిరిగి వస్తుందే కాని, పోయిన మెత్తదనం తిరిగి రాదు.

మా అల్లుడు వాదం వేరు. కాలిపరుతో కొలిచి, "కొత్తదానితో సమానం, మామయ్యగారూ" అనేవాడు. "కొలత సరే నాయనా, దీని వయస్సెంత?" అంటే జవాబు లేదు. తన గుల్లలతో పాటు, కాల్పుల మైదానంలో ఎవరో వదలి వెళ్ళినవి కూడా ఒకే సంచిలో పోసేవాడు. అవి ఎన్నిసార్లు నలిగినవో, ఏ తుపాకిలో నుండి వచ్చినవో తెలియదు. కొన్ని పిస్తోళ్ళలో గుల్ల అడుగు భాగానికి పూర్తి ఆనుడు లేక అక్కడ పొట్టలా ఉబ్బుతుంది. మామూలు అచ్చు అంత క్రిందికి అందదు. ఈ చివర దూర్చి ఆ చివర తీసి ఆ పొట్టను కూడా నునుపు చేసే అచ్చులున్నవని అతడు సంబరంగా చెప్పాడు. నాకు సంబరం కలుగలేదు. ఉబ్బు పోతుంది, ఉబ్బినదన్న సాక్ష్యమూ పోతుంది.

ఒకనాడు వంద తూటాలు పూర్తిచేసి పెట్టెలో సర్దుతూ, అలవాటుగా ఒకదాని ముక్కును బల్లకు ఆనించి బొటనవ్రేలితో నొక్కాడు. గుండు లోపలికి దిగిపోయింది. విప్పి చూస్తే అంచున వెంట్రుక వంటి చీలిక. పిస్తోలులో ఎక్కేటప్పుడు గుండు అలా లోపలికి దిగితే మందుకు చోటు తగ్గి, ఒత్తిడి హద్దు మీరుతుంది. ఆ తూటాను పట్టుకొనేది నా కూతురి భర్త చేయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు అచ్చుది కాదు, తొందరది. ఒక్క లాగుకు నాలుగైదు పనులు చేసే ప్రెస్సు అతనిది. అచ్చులో దూరేటప్పుడు ఒక్కొక్క గుల్ల చేతికి ఒక్కొక్క మాట చెబుతుంది: ఇది బిగువు, ఇది వదులు అని. అన్ని పనులూ ఒకే లీవరు మీద పడితే ఆ మాట చేతికి వినిపించదు. ఒకప్పుడు ఒకే పని చేసే ప్రెస్సు మేలని నేనంటాను. గంటకు ఎన్ని తయారైనవన్న లెక్క అంగడివానికి కావాలి, ఇంటివానికి దేనికి?

చెవి కూడా పనికివస్తుంది. అయిదారు ఖాళీ గుల్లలను గుప్పిట పట్టి కదిపితే మంచివి గలగలమంటవి. పగిలినది చచ్చిన మోత మోగుతుంది. కుండను వ్రేలితో కొట్టి చూడక మా నాయనమ్మ ఎన్నడూ కొనలేదు.

ఇత్తడి పగలడానికి మన దేశంలోనే ఒక పాత కథ ఉన్నది. 19వ శతాబ్దంలో బ్రిటిషు సైన్యం ఇక్కడ గుర్రపుశాలలలో దాచిన తూటాలు వానకాలంలో వాటంతట అవే చీలేవట. లోపల మిగిలిన బిగువుకు, గుర్రాల మూత్రం నుండి లేచే అమ్మోనియా తోడై చీల్చుతున్నదని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ వివరించారు. అమ్మోనియా కలిసిన మెరుగుమందులతో గుల్లలను తోమరాదని అనడానికి కారణమిదే. వారు నిమ్మ ఉప్పు నీటిలో కడుగుతారు. మనం బిందెలను చింతపండుతో తోమినట్లే! పులుపు ఎక్కువైతే తుత్తునాగం కరిగి ఇత్తడి ఎర్రబడుతుంది. అది చూసి మా అమ్మాయి, "అమ్మ తోమిన చెంబులా ఉంది" అన్నది. ఆ గుల్లలను ముట్టిన చేతులు సబ్బుతో కడగనిదే మనవణ్ణి ఎత్తుకోరాదన్న నియమం మాత్రం అతడు తప్పలేదు. ప్రైమరు మసిలో సీసముంటుంది.

నేను కోరినది ఇంతే. కొత్తగా కొన్న గుల్లలను ఒక గుంపుగా ఒకే డబ్బాలో ఉంచాలి, నింపిన ప్రతిసారీ చీటీ మీద ఒక గీత పెట్టాలి. ఆ గుంపులో అంచులు చీలడం మొదలైతే మిగిలినవాటిని కూడా అనుమానించాలి. ఊరూపేరూ లేని గుల్లలను తూకానికి అమ్మివేయాలి, చీలినవాటిని పట్టకారుతో నలిపి మరీ. "ఇంత లెక్క పెట్టుకొంటే మిగిలేదేముంది మామయ్యగారూ?" అన్నాడు. నిజమే, ఆదా కొంత తగ్గుతుంది. ఆ తగ్గినది నేనిస్తానన్నాను, నవ్వి ఊరుకొన్నాడు.

నేను బయలుదేరే నాటికి డబ్బాల మీద చీటీలు అంటించాడు. మైదానంలో ఏరిన గుల్లల సంచి మాత్రం ఇంకా షెడ్డు మూలనే ఉన్నదని మొన్న మా అమ్మాయి ఫోనులో చెప్పింది.