క్యాష్ పెట్టేశాం సరే, మరి చెరిపేదెవరు?

మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో క్యాష్ అనేది జిందా తిలిస్మాత్ అయిపోయింది. తలనొప్పా? రాసెయ్. జలుబా? రాసెయ్. పేజీ రావడానికి ఎనిమిది సెకన్లు పడుతోందా? ఆ ఫంక్షన్ ఫలితాన్ని రెడిస్‌లో పడేసి, గంట టైమౌట్ పెట్టి, టికెట్ మూసెయ్. గంటే ఎందుకు, పది నిమిషాలు ఎందుకు కాదు అని అడిగి చూడండి. ఎవరి దగ్గరా జవాబుండదు. అసలా క్వెరీకి ఇండెక్స్ ఉందా అంటే "ఇప్పుడవన్నీ ఎందుకండీ, రేపే డెమో" అంటారు.

నేను క్యాష్‌కి శత్రువుని కాదు. ఒకసారి చేసిన లెక్కని గుర్తుపెట్టుకోవడం మంచి ఆలోచనే. 1968లోనే డొనాల్డ్ మిచీ దానికి 'మెమో ఫంక్షన్' అని పేరు పెట్టి నేచర్ పత్రికలో రాశాడు. ఇవాళ పైథాన్‌లో అది ఫంక్షన్ నెత్తిన ఒక్క లైను. అంత తేలికైపోవడమే చిక్కు తెచ్చిపెట్టింది.

అసలైన క్యాష్ ఎలా ఉంటుందో చూడాలంటే మన వైజాగ్ పోర్టు చాలు. ఆటుపోట్ల పట్టిక ఉంటుంది కదా, ఏ రోజు ఏ వేళకి నీటిమట్టం ఎంతుంటుందో ముందే చెప్పేది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేస్తుంది. చంద్రుడు, సూర్యుడు లాగే లాగుళ్ళని బోలెడన్ని చిన్న అలలుగా విడగొట్టి, మళ్ళీ అన్నీ కలిపితే గానీ ఆ అంకెలు రావు. చేత్తో చేస్తే చచ్చే చాకిరీ. అందుకే ఇండియా రేవుల కోసం 1879లో లండన్‌లో ప్రత్యేకంగా ఒక యంత్రాన్నే చేయించారు. అంత ఖరీదైన లెక్క, కానీ ఇన్‌పుట్లు రెండే: ఏ రేవు, ఏ సమయం. చంద్రుడు మధ్యలో మనసు మార్చుకోడు. కాబట్టి ఏడాదికి సరిపడా ముందే లెక్కేసి అచ్చేసుకున్నా ఢోకా లేదు.

ఇప్పుడు 2014 అక్టోబరు 12కి రండి. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఇక్కడి టైడ్ గేజ్‌లో మామూలు ఆటుపోట్ల మట్టం మీద 1.4 మీటర్ల ఉప్పెన నమోదయింది. మరి పట్టిక తప్పా? కానే కాదు. గాలి, వాయుపీడనం దాని ఇన్‌పుట్లలో లేనే లేవు. పట్టిక ఉంది కదా అని గేజ్‌ని పీకి పారెయ్యకపోవడం అందుకే. ఏది ముందే లెక్కేసుకోవచ్చో, ఏది అప్పటికప్పుడు చూసుకోవాలో ఓడలు నడిపేవాళ్ళకి తెలుసు. మనకే తెలియదు.

మన కోడ్ చూడండి. ధర చెప్పే ఫంక్షన్, ఆర్గ్యుమెంట్ ఒక్కటే, ఐటెమ్ నంబరు. లోపలికెళితే సెషన్‌లోంచి యూజర్ని, కాన్ఫిగ్‌లోంచి ఆఫర్ని, గడియారంలోంచి తేదీని లాక్కుంటుంది. క్యాష్ కీలో మాత్రం ఐటెమ్ నంబరే! ముందొచ్చినవాడి డిస్కౌంటు ఊరందరికీ. నవ్వొస్తోందా? 2015 క్రిస్మస్ రోజున స్టీమ్ గేమ్స్ సైట్లో క్యాష్ సెట్టింగు తప్పి, ఒకరి అకౌంటు పేజీలు ఇంకొకరికి కనపడ్డాయి. సుమారు 34,000 మంది వివరాలు పరాయివాళ్ళ కంటపడి ఉండొచ్చని ఆ కంపెనీయే చెప్పింది.

"టైమౌట్ ఉందిగా" అంటారు. టైమౌట్ అంటే ఎంతసేపు అబద్ధం చెప్పొచ్చో మనకి మనమే ఇచ్చుకున్న లైసెన్సు. పైగా అది అయిపోయిన క్షణాన అందరూ ఒక్కసారిగా డేటాబేస్ మీద పడతారు. 2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్‌లో ఒక కాన్ఫిగరేషన్ విలువ తప్పుగా పడింది. క్లయింట్లన్నీ క్యాష్‌లో ఉన్నది చెల్లదనుకుని డేటాబేస్‌ని అడగడం మొదలెట్టాయి. అది తట్టుకోలేక ఎర్రర్ ఇస్తే, దాన్నీ చెల్లని విలువగానే లెక్కేసి క్యాష్ కీ చెరిపేశాయి. మళ్ళీ క్వెరీ, మళ్ళీ ఎర్రర్. సైటుని ఆపితే తప్ప ఆ సుడిగుండం ఆగలేదు, రెండున్నర గంటలు పోయాయి. వాళ్ళకే అలా అయితే మన నాలుగు సర్వర్లెంత?

డెడ్‌లైన్లు నాకూ ఉన్నాయి. అయినా రివ్యూలో మూడు ప్రశ్నలు అడగడానికి ఐదు నిమిషాలు చాలు. ఫలితం దేని మీద ఆధారపడుతుందో అదంతా కీలో ఉందా? అసలు డేటా మారితే ఈ కాపీని చెరిపే కోడ్ ఎక్కడుంది? క్యాష్ మొత్తం ఖాళీ అయితే డేటాబేస్ నిలబడుతుందా?

స్క్రీన్ మీద బ్యాలెన్స్ కనపడి, కౌంటర్ దగ్గర "డబ్బుల్లేవు" అనిపించుకునేది మన రెస్పాన్స్ టైమ్ గ్రాఫు కాదు, బిల్లు పట్టుకుని నిలబడ్డ మనిషి. అందుకే ఈ మూడింటికీ జవాబు లేని క్యాష్‌ని నేను అప్రూవ్ చెయ్యను. మీరూ చెయ్యకండి. కాదంటారా? రండి, వాదించుకుందాం.