తద్ధర్మాన్ని మరచిన ఆంగ్ల సారాంశం

తెలుగు పరిశోధన వ్యాసానికి ఆంగ్ల సారాంశాన్ని జతచేయడం నేడు చాలా పత్రికల్లో నియమమైంది. తెలుగు చదవలేని పండితునికి మన వ్యాసం నుండి అందేవి ఆ కొద్దిపాటి వాక్యాలే. వాటిలో క్రియ ఏ కాలంలో ఉండాలన్నది ఆంగ్లం తెలిసిన వారెవరైనా సరిదిద్దగల స్వల్ప విషయమని మనలో పలువురి అభిప్రాయం. ఈ అభిప్రాయం సరికాదు. వర్తమానమా, భూతమా అన్న నిర్ణయం విమర్శకుని తీర్పులో భాగం. దానిని ఇతరులకు అప్పగించడమంటే తీర్పును అప్పగించడమే.

మన సారాంశాల్లో తరచుగా కనిపించే ఒక అలవాటును ముందుగా పరిశీలిద్దాం. పాశ్చాత్య సిద్ధాంతకర్త ప్రస్తావన వచ్చినప్పుడు క్రియ వర్తమానంలో ఉంటుంది: బఖ్తిన్ 'ఆర్గ్యూస్'. తెలుగు విమర్శకుని పేరు రాగానే అది భూతంలోకి జారుతుంది: కట్టమంచి రామలింగారెడ్డి 'ఆర్గ్యూడ్'. కట్టమంచి 1951లో, బఖ్తిన్ 1975లో మరణించారు. మరణమే ప్రమాణమైతే ఇద్దరికీ భూతకాలమే చెల్లాలి. గ్రంథం నిలిచి ఉండడమే ప్రమాణమైతే ఇద్దరికీ వర్తమానమే చెల్లాలి. 1914 నాటి 'కవిత్వతత్త్వ విచారము'తో మనం నేటికీ విభేదిస్తూనే ఉన్నాం, ఏకీభవిస్తూనే ఉన్నాం. అయినా ఆ క్రియను చూసిన ఆంగ్ల పాఠకుడు ఒకరి వాదం సజీవమనీ, మరొకరిది చరిత్రలో కలిసిపోయిందనీ గ్రహిస్తాడు. వ్యాసకర్త తలపెట్టని తీర్పును ప్రత్యయం ప్రకటిస్తుంది.

రెండవ దోషం ఇంకా లోతైనది. తెలుగులో 'రచయిత ఇలా వాదిస్తున్నాడు' అని వ్రాసినవారు ఆంగ్లంలో 'ఈజ్ ఆర్గ్యూయింగ్' అంటారు. ఆంగ్లంలో ఆ రూపం ఆ క్షణాన సాగుతున్న పనిని, తాత్కాలికమైన స్థితిని సూచిస్తుంది. గ్రంథస్థమైన వాదానికి అది సాధారణంగా పొసగదు. ఈ పొరపాటుకు మూలం 'సింపుల్ ప్రెజెంట్'ను కేవలం 'వర్తమానకాలం' అని బోధించడంలో ఉంది. 19వ శతాబ్ది మధ్యలోనే చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో వర్తమాన, భూత, భవిష్యత్తులతో పాటు తద్ధర్మాన్ని వేరుగా గుర్తించాడు. 'వండుచున్నాడు' వర్తమానం, 'వండెను' భూతం, 'వండఁగలఁడు' భవిష్యత్తు, 'వండును' తద్ధర్మం. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నప్పుడు మనం ఈ క్షణాన్ని చెప్పడం లేదు, సూర్యుని స్వభావాన్ని చెబుతున్నాం. ఆంగ్లపు 'సింపుల్ ప్రెజెంట్' ప్రధానంగా చేసే పని ఇదే. సాహిత్య విమర్శలో ఆంగ్లేయులు వాడే వర్తమానం కూడా ఈ కోవలోనిదే: గ్రంథం తెరిచిన ప్రతిసారీ అందులో జరిగేది గ్రంథధర్మం.

ఆధునిక తెలుగులో '-తాడు' రూపం తద్ధర్మ, భవిష్యదర్థాలు రెంటినీ మోస్తుంది. కథను సంగ్రహించేటప్పుడు మనం సహజంగానే దానిని వాడతాం: గిరీశం వెంకటేశంతో కలిసి కృష్ణరాయపురం అగ్రహారానికి వెళ్తాడు. ఇక్కడ ఆంగ్లంలో 'గోస్' అనాలి. 'విల్ గో' అంటే భవిష్యత్తు, 'ఈజ్ గోయింగ్' అంటే ప్రయాణం నడుస్తున్నట్టు. అయితే గురజాడ కన్యాశుల్కం రెండవ కూర్పును 1909లో ప్రచురించడం చరిత్రలో ఒక్కసారి జరిగిన ఘటన, దానికి భూతమే తగును. ఒకే వాక్యంలో ప్రచురణకు భూతం, పాత్ర చర్యకు వర్తమానం రావడం అసంగతం కాదు. సంగతి అంటే వాక్యమంతా ఒకే ప్రత్యయం ఉండడమని భావించేవారే దానిని దోషంగా ఎంచుతారు.

అనుకృతి వాక్యాల్లో ఈ నిర్ణయం మరింత బరువైనది. తెలుగులో 'అని' శబ్దం ఇతరుల మాటను దాని కాలంతోనే నిలుపుతుంది. వ్యావహారికమే బోధనకు తగినదని గిడుగు వాదించాడు అన్నప్పుడు, మన ఏకీభావం ఆ వాక్యంలో వెల్లడి కాదు. ఆంగ్లంలో 'ఆర్గ్యూడ్' తరువాత 'వాజ్' వ్రాస్తే ఆ మాట బాధ్యత గిడుగుదిగానే ఉంటుంది. 'ఈజ్' వ్రాస్తే అది నేటికీ వర్తిస్తుందన్న ధ్వని వస్తుంది. ఈ రెంటిలో ఏది తగినదో గిడుగును చదివినవాడే చెప్పగలడు. భాషను మాత్రమే దిద్దేవారికి ఆ అధికారం లేదు.

శైలీసంహితలు ఉన్నాయి కదా, వాటిని అనుసరిస్తే చాలదా అని కొందరు ఆక్షేపించవచ్చు. సామాజిక శాస్త్రాల్లో వ్యాప్తిలో ఉన్న ఏపీఏ పద్ధతి పూర్వపరిశోధనకు భూతాన్నో, పూర్ణవర్తమానాన్నో సూచిస్తుంది. ఎంఎల్‌ఏ పద్ధతిని అనుసరించే సాహిత్య విమర్శలో వర్తమానమే ఆచారం. కారణం స్పష్టం: ప్రయోగం ఒక దినాన ముగుస్తుంది, గ్రంథం ముగియదు. విషయభేదాన్ని గమనించకుండా ఒక సంహితను తెచ్చి కావ్యవిమర్శపై మోపడం క్రమశిక్షణ అనిపించుకోదు. హారల్డ్ వైన్‌రిష్ 1964లో వెలువరించిన 'టెంపుస్' గ్రంథంలో క్రియాకాలాలను చర్చాజగత్తు, కథనజగత్తు అని రెండు వర్గాలుగా విభజిస్తాడు. వర్తమానం మొదటిదానికి, భూతం రెండవదానికి చెందుతాయి. ఆ దృష్టితో చూస్తే కట్టమంచికి భూతాన్ని కేటాయించిన సారాంశం ఆయనను చర్చ నుండి తొలగించి కథలోకి పంపుతున్నది.

కాబట్టి పరిశోధకుడు ప్రతి ఆంగ్ల క్రియ వద్ద మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఒకసారి జరిగి ముగిసిన ఘటనా? గ్రంథంలో నిత్యంగా ఉన్న విషయమా? నేను నేటికీ ఎదుర్కోవలసిన వాదమా? మొదటిదానికి భూతం, తక్కిన రెంటికీ వర్తమానం. గ్రంథకర్త స్వయంగా విడిచిన అభిప్రాయానికీ, కాలం తోసిపుచ్చిన అభిప్రాయానికీ భూతం వాడితే అది సహేతుకమైన తీర్పవుతుంది. పత్రికా సంపాదకులూ, పరిశోధన పర్యవేక్షకులూ సారాంశాన్ని ఈ దృష్టితో పరీక్షించాలి. తెలుగు విభాగాల్లో ఆంగ్ల రచనను బోధించేటప్పుడు 'సింపుల్ ప్రెజెంట్'ను తద్ధర్మంతో పోల్చి చెప్పాలి. ఆ పదం మన వ్యాకరణంలో ఎప్పటినుండో ఉంది. దానిని పరీక్షకోసం వల్లెవేయించి, అవసరమైన చోట మరచిపోవడమే మన లోపం.