ఏడు సెకన్ల దరువుకు కూలి ఎవరిస్తారు?

బరాత్ ముందు, బోనాల ఊరేగింపులో, నిమజ్జనం లారీ మీద మోగే డీజే పాటల్లో చాలావాటికి స్టూడియో మొహం తెలియదు. పడగ్గదిలో ల్యాప్‌టాప్ ముందేసుకుని, ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న కుర్రాళ్లు చేసిన పాటలవి. ఓ జానపదమో పాత సినిమా పాటో తీసుకుంటారు, దాని కింద దరువు పరుస్తారు. దరువు తామే వాయించనక్కర్లేదు. నాలుగైదు సెకన్ల ముక్క ఒకటి దొరికితే దాన్నే పాట పొడుగునా తిప్పుకోవచ్చు. అదే లూప్. నెట్‌లో వెతికితే తీన్మార్ లూపులు, డప్పు లూపులు జిప్ ఫైళ్లకొద్దీ దొరుకుతాయి. వాటిలో వాయించింది ఎవరో, ఎవరి పెళ్లిలో రికార్డు చేశారో చెప్పేవి అరుదు. ఇంట్లో డాన్సు పాటలు చేసేవాళ్లు ఈ వెతుకులాట తగ్గించి, తమ ఊళ్లోనో పక్క బస్తీలోనో ఉన్న వాద్యకారుల చేత వాయించుకుని, డబ్బిచ్చి, లూపులు తామే తయారు చేసుకోవాలన్నది నా వాదన. పాటా బాగుపడుతుంది, న్యాయమూ జరుగుతుంది. రెండూ ఒకే పనితో అయ్యే అవకాశం ఎప్పుడోగానీ రాదు.

న్యాయం సంగతి ముందు చూద్దాం. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అనే పాట రికార్డు చేసింది. మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయిస్తాడు. మొత్తం ఏడు సెకన్లు. ఎనభైల్లో శాంపిలర్ యంత్రాలు వచ్చాక ఆ ఏడు సెకన్లనూ కత్తిరించి, తిప్పి, వేగం పెంచి వేల పాటల్లో వాడారు. ఇంగ్లండులో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత శాఖలు చాలావరకు ఆ పునాది మీదే లేచాయి. కోల్‌మన్‌కు దాని మీద ఒక్క డాలరు రాయల్టీ రాలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో చనిపోయాడు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలు పోగేసి సుమారు 24 వేల పౌండ్లు ఇచ్చారు. చందా మంచిదే, కానీ కూలి వేరు, చందా వేరు. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్'లో వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కథా ఇంచుమించు ఇదే. పాట పేరులో డ్రమ్మర్ ఉన్నాడు గానీ, పాట రాసినవాళ్ల జాబితాలో లేడు.

"దరువు ఎవడబ్బ సొమ్ము? తాతల నాటి తీన్మార్‌కు హక్కులేమిటి?" అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. తీన్మార్ నడక మీద ఎవరికీ పట్టా లేదు, ఉండకూడదు కూడా. యెమన్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి నిజాం కొలువుకు వచ్చిన సిపాయిల వెంట హైదరాబాద్ చేరిన మర్ఫా నుంచి అది బస్తీ బస్తీకీ పాకింది. ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎవరైనా కొట్టొచ్చు. కానీ ఫలానా మనిషి ఫలానా రోజు కొట్టిన కొట్టుడు వేరు. మన 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షను ప్రదర్శకుడికి హక్కు ఇచ్చింది. చట్టం చెప్పే ప్రదర్శకుడి నిర్వచనంలో గాయకులు, వాద్యకారులతో పాటు గారడీవాళ్లు, పాములు ఆడించేవాళ్లు కూడా ఉన్నారు. డప్పు కళాకారుడికి అందులో చోటు లేదనడానికి వీల్లేదు. అతని అనుమతి లేకుండా రికార్డు చేసుకుని వాడుకోవడం ఆ హక్కుకు భంగమే. 2012 సవరణ వ్యాపార వినియోగంలో రాయల్టీని కూడా చేర్చింది. చట్టాన్ని అలా ఉంచినా, దండోరాకూ చావుకూ జాతరకూ మాదిగల చేత తరతరాలు వెట్టిగా డప్పు కొట్టించిన సమాజం మనది. అదే డప్పును ఇప్పుడు జిప్ ఫైల్లో ఊరికే దింపుకుంటున్నాం. వెట్టి పోయిందనుకోవడం తొందరపాటే.

ఇక సంగీతం సంగతి. ఇంట్లో పాటలు చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో తెరిస్తే కనిపించే బీట్ పెట్టెలో మామూలుగా పదహారు గళ్లుంటాయి, దెబ్బకు నాలుగు చొప్పున. తీన్మార్ మూడేసిగా ఊగే తిస్ర నడక. సెట్టింగు మార్చి పన్నెండు గళ్లు చేసుకోవచ్చు. అయినా చేత్తో కొట్టేవాడి దెబ్బ సరిగ్గా గడి మధ్యలో పడదు. ఒకటి వెంట్రుకవాసి ముందు, ఇంకొకటి వెనక. కుడిచేతి సిర్ర బరువుగా పడితే ఎడమచేతి సిటికెన పుల్ల దాని వెన్నంటే చిటపటలాడుతుంది. జనం కాళ్లను లేపేది ఆ కాస్త ఎగుడుదిగుడే. లూపుల జిప్ ఫైలు తయారు చేసినవాడు దాన్ని గడికి సరిచేసి, సానబెట్టి, చంపేసి నెట్‌లో పెడతాడు. పది పాటలు వరసగా వింటే ఒకే పాట పదిసార్లు విన్నట్టుండటం అందుకే.

దీనికి గట్టి ఎదురు సాక్ష్యం ఉంది. 2007లో లోకాన్ని ఊపేసిన రిహానా 'అంబ్రెల్లా' పాటలోని డ్రమ్స్ ఆపిల్ గ్యారేజ్‌బ్యాండ్ సాఫ్ట్‌వేర్‌తో ఊరికే వచ్చే లూపే. అసలు హౌస్, టెక్నో సంగీతాలు రోలాండ్ డ్రమ్ యంత్రాల బిడ్డలు కావా? నిజమే. రెడీమేడ్ లూపు పాపమని నేననను. పని నేర్చుకునే రోజుల్లో దాన్ని మించిన పలక లేదు. అయితే 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్ 808 కథ పూర్తిగా చూడాలి. అసలు డ్రమ్ములా లేదని కొనేవాళ్లు పెదవి విరిచారు. దాదాపు 12,000 యంత్రాలు చేసి, 1983లో తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండులో ధర పడిపోయాకే అది డబ్బులేని కుర్రాళ్ల చేతికొచ్చింది. వాళ్లు అందుబాటులో ఉన్నదాన్ని పట్టుకుని తమ చుట్టూ లేని శబ్దం పుట్టించారు. అంతకుముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అదే యంత్రం కొట్టే దరువు మీద పది రాగాలు సింథసైజర్‌పై వాయించి రికార్డు చేసి ఆల్బంగా తెచ్చాడు, అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. మనకు అందుబాటులో ఉన్నది డప్పు, మర్ఫా. వాటిని పక్కన పెట్టి, వాటి నకళ్ల నకళ్లను దింపుకోవడం నాకు వింతగా తోస్తుంది.

స్టూడియో అద్దె ఎవరు కడతారన్నది ఆఖరి అభ్యంతరం. స్టూడియో అక్కర్లేదు, ఫోను చాలు. డప్పు చప్పుడు పెద్దది కాబట్టి ఫోను రెండు మూడు మీటర్ల దూరంలో ఉంచాలి. దగ్గర పెడితే దెబ్బ చిట్లిపోతుంది. ఖాళీ సిమెంటు గదిలో మోత పెరుగుతుంది, చెట్టు కింద నయం. చర్మాన్ని మంటకు కాచి బిగించుకునే వ్యవధి ఆ కళాకారుడికి ఇవ్వాలి. చెవిలో టిక్ టిక్ పెట్టి ఇబ్బంది పెట్టకుండా అయిదు నిమిషాలు తన ఊపులో కొట్టనివ్వాలి. తర్వాత ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లో బాగా కుదిరిన పదహారు తాళపు దెబ్బల ముక్క కత్తిరించుకోవచ్చు. పదహారును అరవైతో గుణిస్తే వచ్చే 960ని ఆ ముక్క సెకన్లతో భాగిస్తే వేగం తెలిసిపోతుంది. ఎనిమిది సెకన్లుంటే నిమిషానికి 120. చివరి దెబ్బ మోత తోకను మొదటి దెబ్బ కిందికి కలిపితే అతుకు వినపడదు. ఫైలును వాట్సాప్‌లో మామూలు ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపుకుంటే శబ్దం చెడదు. ఒక సాయంత్రం పని ఇది.

డబ్బెంతో ముందే మాట్లాడుకుని, పాటల్లో వాడుకుంటామని కాగితం మీద రాసుకోండి. మన డీజే పాటల్లో చేసినవాడి పేరు నాలుగైదుసార్లు అరిచి చెప్పడం ఆచారం కదా. వాటిలో ఒక్క అరుపు డప్పు కొట్టినవాడి పేరుకు వదలండి.